మా అత్తమ్మా, దయ్యాల పోలీసూ

మా అత్తమ్మ పసిపిల్లలను ఎత్తుకోదు. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు ఈ సంగతి నాకు తెలిసింది. మా అమ్మ అప్పటికే లేదు కాబట్టి పురుడు అత్తమ్మే చూస్తుందని అందరం అనుకున్నాం. ఊరి నుంచి వచ్చింది, వండిపెట్టింది, నాకు పథ్యం చూసింది, తొట్టెల పక్కన కూర్చుని తాడు పట్టుకుని గంటల తరబడి ఊపింది. పిల్లను మాత్రం ముట్టుకోలేదు. "నా చేతులు మొరటు చేతులు, పసిదానికి గుచ్చుకుంటయ్" అంది. తర్వాత కొడుకు పుట్టినప్పుడు ఆమెకు నడుము నొప్పి అడ్డం వచ్చింది. ఇద్దరికీ నీళ్లు పోయడానికి పక్క వీధి నుంచి ఒకావిడను పిలిపించుకున్నాను.

ఆ కోపం నాలో చాలా ఏళ్లు ఉంది. కోపాన్ని కడుపులో దాచుకునే రకం కాదు నేను, సందు దొరికినప్పుడల్లా దెప్పాను. ఆమె ఎన్నడూ తిరిగి ఒక్క మాట అనలేదు, దాంతో నాకు ఇంకా మండేది. "అమ్మకు చిన్నపిల్లల ఏడుపు పడదు, వదిలెయ్" అనేవాడు మా ఆయన. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి వాళ్లమ్మ మనసులో ఏముందో తెలుస్తుందా అని ఆ మాట పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ పెద్దబిడ్డే పురుటికి వచ్చింది. దాని అత్తవారిది నాగర్‌కర్నూల్. మేముండేది వనపర్తిలో, నేను ఇక్కడే బడిలో పాఠాలు చెబుతాను. అత్తమ్మది గద్వాల అవతల, మల్దకల్ దగ్గర పల్లె. మామయ్య పోయాక, కళ్లల్లో నీటికాసులు ముదిరి చూపు బాగా తగ్గాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. వేసవి సెలవులు. ఇంట్లో బాలింత, పసిగుడ్డు, చూపు ఆనని ముసలమ్మ, మధ్యలో నేను. మా ఆయన కూడా ఉన్నాడు గానీ పనుల విషయంలో లెక్కలోకి రాడు.

ఈ మునిమనవరాలినైనా ఆమె ఒళ్లోకి తీసుకుంటుందా అని లోపల్లోపల ఎదురుచూశాను. ఆమెకు వయసయిపోతోంది. ఈసారి కాకపోతే ఇంక ఎప్పుడూ కాదు. మా అమ్మాయి దవాఖాన నుంచి ఇంటికి రాగానే పిల్లను ఆమె ముందుకు చాపి, "జేజీ, పట్టు" అంది. మా పిల్లలు నాయనమ్మను జేజి అంటారు. అత్తమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. "వద్దు బిడ్డా. కండ్లు కనవడవు, కింద పడేస్త" అంది. ఈసారి వంక కళ్ల మీదికి వెళ్లింది. నేను పెదవి కొరుక్కుని వంటింట్లోకి పోయాను.

ఆమెకు పొద్దు పోవడం కష్టంగా ఉండేది. టీవీ పెడితే లాభం లేకపోయింది. సీరియళ్లలో సగం సేపు ఎవరూ మాట్లాడరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడతారు. చూపు లేనివాళ్లకు వినపడేది డప్పుల మోత ఒక్కటే. మా అమ్మాయి పిల్లకు పాలిచ్చేటప్పుడు ఫోన్లో కథలు వింటుంది. వందేళ్ల కింద ఎక్కడో చలిదేశంలో రాసిన కథలట. దయ్యాలున్నాయన్న ఇళ్లకు ఒక పెద్దమనిషి వెళ్లి, నిజంగా ఉన్నాయా లేవా అని ఆరా తీసి తేలుస్తాడు. వాటిని ఎవరో తెలుగులో నాటకాలుగా చేసి, తలుపు కిర్రుమనడం, కుక్క మొరగడం, వాన, అన్ని చప్పుళ్లూ పెట్టి వదిలారు. "జేజికి గూడ పెడుదమా?" అంది అమ్మాయి. "ఈ వయసుల దయ్యాల కథలు పెట్టి చంపుతవా ఏంది ఆమెను?" అన్నాను.

మొదటి కథ అయ్యాక అత్తమ్మ అడిగింది ఒక్కటే మాట: "ఇంకోటి ఉన్నదా?"

చెవుల్లో పెట్టుకునే తీగలు ఆమెకు నచ్చలేదు, జొన్నపుల్ల గుచ్చుకున్నట్లుందని తీసి పారేసింది. ఫోన్‌ను స్టీలు గిన్నెలో నిలబెడితే గొంతు ఇల్లంతా వినపడేది. అట్లా రోజూ ఆ పెద్దమనిషి మా పప్పుగిన్నెలోంచి మాట్లాడాడు. అదీ మధ్యాహ్నం అన్నాలయ్యాకే. "పొద్దుగూకినంక వద్దు, మల్ల నిద్ర రాదు" అని అత్తమ్మ షరతు. బయట ఎండ పేలిపోతుంటే మా ఇంట్లో చలిదేశం వాన పడేది.

ఆ పెద్దమనిషికి కథలో పెద్ద పేరే ఉంది, బిరుదు కూడా ఉంది. అత్తమ్మకు నోరు తిరగలేదు. "దయ్యాల పోలీసు" అని పేరు పెట్టేసింది. కథలో పాతకాలపు బంగళా వస్తే అది గద్వాల కోట. పొగమంచు వస్తే పొద్దున్నే సోమశిలలో కృష్ణ మీద లేచే ఆవిరి, ఆమె ఒకసారి పుష్కరాలకు పోయి చూసింది. ఇంటి లోపల పొగగొట్టం ఉందని విన్నప్పుడు మాత్రం ఎటూ పోల్చుకోలేక, "ఇంట్ల పొగగొట్టం ఎందుకు? ఇటుకబట్టీ పెట్టిండ్రా?" అని అడిగింది. చలికి మంట వేసుకుంటారని చెప్పాను. "హౌదా!" అంది. కన్నడ సీమ పక్క ఊరు కదా, ఆశ్చర్యమేసినప్పుడు ఆమె నోట వచ్చేది ఆ మాటే.

నేనూ ఆ కథల్లో పడ్డాను. కూరగాయలు తరుగుతూ నేను, వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ ఆమె, పిల్లను జోకొడుతూ మా అమ్మాయి, ముగ్గురం దొంగ ఎవరో, దయ్యం ఎవరో ముందే కనిపెట్టాలని పోటీ పడేవాళ్లం. ఎక్కువసార్లు అత్తమ్మే గెలిచేది. నాకు ఉక్రోషం వచ్చేది. అన్నేళ్ల కోపం ఉన్నా ఆ మధ్యాహ్నాలు నాకు ఇష్టంగా ఉండేవి, ఆమె పక్కన కూర్చోవడం ఇష్టంగా ఉండేది. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

దయ్యాల పోలీసులో ఆమెకు నచ్చింది ఆయన ధైర్యం కాదు. ఊరంతా దయ్యం దయ్యం అని అరుస్తుంటే ఆయన అరవడు. బాధపడే మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎప్పుడు మొదలయింది, ముందు ఎవరు చూశారు, ఆ రోజు ఏం జరిగింది అని నిదానంగా అడుగుతాడు. కొన్ని ఇళ్లలో దయ్యం నిజంగానే ఉంటుంది, కొన్ని ఇళ్లలో ఉండదు. అంతా అడిగి తెలుసుకునేదాకా ఆయన ఏ మాటా అనడు.

"గిట్ల అడిగేటోళ్లు మనకాడ ఎవరున్నరు?" అంది అత్తమ్మ ఒకరోజు. "మనకాడ ఏం అడగకముందే చెప్పేస్తరు." మళ్లీ తనే, "ఆయన మన దిక్కు వస్తడా?" అంది.

నేను నవ్వాను. "అది కథ అత్తమ్మా. అసోంటి మనిషి పుట్టనే లేదు."

"హౌదా," అంది. ఈసారి గొంతులో ఆశ్చర్యం లేదు. బుడ్డలు ఒలుచుకుంది.

తర్వాత కొద్ది రోజులకే గాలి కథ వచ్చింది. కొండ మీద పాత ఇల్లు. సాయంత్రమయ్యేసరికి గోడలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది. చనిపోయిన తన బిడ్డే ఏడుస్తోందని ఆ ఇంటావిడ అన్నం మానేసింది. దయ్యాల పోలీసు వచ్చి, అన్నీ అడిగి, గోడలు తట్టి చూసి, ఒక మూల రాళ్ల మధ్య చీలిక కనిపెట్టాడు. అందులో గుడ్డ కుక్కాడు. ఏడుపు ఆగిపోయింది. "అమ్మా, ఇక్కడ దయ్యం లేదు. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఏడిపించింది గాలి" అన్నాడు, ఆ బరువైన గొంతుతో.

"గాలి అన్నడా?" అంది అత్తమ్మ.

"అవును, గాలేనంట! నేను చెప్పలే? దయ్యం గాదని మొదట్నే అన్న," అన్నాను. ఆ రోజు పందెం నాదే. నా సంబరంలో ఆమె మొహం చూడలేదు.

మర్నాడు గిన్నె తెచ్చి ముందు పెడితే, "వద్దు" అంది. ఆ మర్నాడూ వద్దంది. తొట్టెల కట్టిన గదిలో ఉన్న తన మంచాన్ని వరండాలోకి వేయించుకుంది. ఎండ కొడుతుంది లోపలికి రమ్మంటే వినలేదు. తాడు పట్టుకుని ఊపడం కూడా మానేసింది. అన్నం రెండు ముద్దలు తిని లేచేది. భయపడిందనుకుని, ముందే చెప్పాను కదా అని మా అమ్మాయి మీద ఎగిరాను.

ఒక మధ్యాహ్నం మా అమ్మాయి స్నానానికి వెళ్లింది, నేను పొయ్యి మీద పాలు పెట్టాను. పిల్ల ఏడుపు అందుకుంది. పాలు దించి వచ్చేసరికి ఎక్కి ఎక్కి ఏడుస్తోంది. అత్తమ్మ గడప అవతల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతులు కొంగు కింద. లోపలికి అడుగు వెయ్యలేదు.

నా ఓపిక అయిపోయింది. పిల్లను భుజాన వేసుకుని గడపలోకి వచ్చి గట్టిగానే అన్నాను. "ఎత్తుకుంటే ఏం పోతది అత్తమ్మా? నా పిల్లలను ముట్టకపోతివి. దీన్నన్న ముట్టవా? గుక్కపట్టి సస్తున్నా నిలబడి చూస్తవా? ఏం మనిషివి నువ్వు?"

ఆమె గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "నా మీద గాలి ఉన్నది," అంది. "నాకు తెలుసు. అయినా గాదేమో అనుకున్న. ఆయన గూడ గదే చెప్పె గదా. దయ్యం గాదంట. గాలంట."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. దయ్యాల పోలీసు చెప్పింది చెట్ల ఆకులు కదిలించే గాలి. ఆమె విన్నది మనుషులకు సోకే గాలి, పసిపిల్లలను పట్టుకుని తీసుకుపోతుందని చెప్పే గాలి. మా దగ్గర రెంటికీ ఒకటే మాట. ఆ రోజు నేను పక్కనే ఉండి, అవును గాలేనని ఖాయం చేశాను.

"ఏమయ్యింది అత్తమ్మా?" అన్నాను పక్కన కూర్చుని.

అప్పుడు చెప్పింది. మా ఆయన తర్వాత ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. "అప్పుడప్పుడే కూసునేది," అంది. "వాగవతల చేన్ల కలుపుండె. ఇంట్ల ఎవ్వరు లేరు ఇడిసిపెట్టెతందుకు. మిట్టమధ్యాహ్నం చంకన ఏసుకొని వాగు దాటిన. పసిపిల్లతోని ఆ యాళ్ల దాటొద్దంటరు. దాటిన. రెండు దినాలకు జ్వరమొచ్చె. గాలి సోకిందన్నరు. యాపమండలు కొట్టిండ్రు, తాయెత్తు కట్టిండ్రు. బతకలే. మా అత్త అన్నది, గాలి నీ చేతులల్ల కూసున్నది, నువ్వే తెచ్చినవ్, ఇంక ఏ పిల్లను ముట్టొద్దు అని. అప్పట్సంది మీ ఆయనను గూడ ఎత్తుకోలే. నడిచేటోడే గానీ, ఎత్తుకొమ్మని కాళ్లకు సుట్టుకొనేటోడు. తోసేసేదాన్ని."

నా భుజం మీద పిల్ల ఊరుకుంది. నేనే ఏడ్చాను.

ఆ గాలి వేరు, ఈ గాలి వేరని చెప్పి చూశాను. "గాలంటే గాలే. రెండెట్లుంటయ్?" అంది. అట్లాంటి గాలి ఉండదని, అది నమ్మకం మాత్రమేనని చెప్పాను. బడిలో పిల్లలకు చెప్పినట్లు చెప్పాను. ఆమె తల ఊపింది, నన్ను నొప్పించడం ఇష్టం లేక ఊపిందంతే. చివరికి మా అమ్మాయి తడి జుట్టుతో వచ్చి గడపలో కూర్చుంది. అంతా వినే ఉంది. "జేజీ, ఆయన అన్ని అడిగినంకనే చెప్తడు గదా," అంది. "నిన్నెవరన్న అడిగిండ్రా? జ్వరం ఎట్లుండె? వాంతులు అయ్యెనా? మెడ ఎట్లుండె?"

అత్తమ్మ మొహం ఎత్తింది. ఎవరూ అడగలేదు. అంతకాలం ఎవరూ ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, నాతో సహా. ఒక్కొక్కటే చెప్పింది. వాంతులయ్యాయి. మెడ కట్టెలాగా బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయాయి, చేతులు కొట్టుకున్నాయి. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా కొందరు పిల్లలు అట్లాగే పోయారు. "వాళ్లు గూడ వాగు దాటిండ్రా?" అంది అమ్మాయి. అత్తమ్మ ఆ పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

పిల్లకు టీకా వేయించే రోజున, "నేను గూడ వస్త" అంది. ఆటోలో నాకూ అమ్మాయికీ మధ్య కూర్చుంది. పిల్లల డాక్టరు చిన్న వయసు పిల్ల, అచ్చంపేట దిక్కుదట, మాట మన మాటే. సూది వేశాక, పిల్ల ఏడుపు సర్దుకున్నాక అత్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. అంతా మొదటి నుంచి చెప్పింది. బయట జనం ఉన్నా ఆ డాక్టరు వాచీ చూసుకోలేదు. ఆమె కూడా అడిగింది: జ్వరం ముందా, వాంతులు ముందా, పిల్ల పాలు తాగిందా, ఊళ్లో వరిమళ్లు ఉండేవా, నీళ్లు నిలిచేవా.

"ఇన్నేండ్లకు, చూడకుండ, గట్టిగ చెప్పలేను పెద్దమ్మా," అంది. "కానీ మీరు చెప్పేదాన్ని బట్టి మెదడువాపు లెక్కనే ఉన్నది. అది దోమ కుడితే వస్తది. గాలికి వచ్చేది గాదు."

"గాలి గాదా?"

"గాదు పెద్దమ్మా."

"నువ్వు ఖాయంగ చెప్తున్నవా బిడ్డా? గాలి గాదని?"

"ఖాయం. దోమతోనే వస్తది, గాలితోని రానే రాదు."

డాక్టరు చెప్పింది ఊపిరితో పీల్చే గాలి సంగతి. అత్తమ్మ విన్నది ఏమిటో నాకు తెలుసు. తప్పులు దిద్దడం నా ఉద్యోగం, ఎదుటివాళ్ల మాటలో పొరపాటు దొర్లితే నా నోరు ఊరుకోదు. ఆ రోజు ఊరుకుంది. మా అమ్మాయి నా వైపు చూసింది, నేను పిల్ల టోపీ సర్దుతున్నట్లు తల దించుకున్నాను.

"జల్దిన దవాఖానకు తీస్కపోతే బతికేదా?" అని అడిగింది అత్తమ్మ. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు గూడ అది వస్తే మాకు శానా కష్టమే పెద్దమ్మా. మీరు చేసిందేం లేదు." అత్తమ్మ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు పొద్దున నీళ్లు పోసే ఆవిడ వచ్చింది. కాగులో నీళ్లు కాగుతున్నాయి. అత్తమ్మ గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చి, "ఆమెను పొమ్మను. నీళ్లు నేను పోస్త" అంది.

చూపు లేదు, జారిపోతే ఎట్లా అనిపించింది. అయినా పీట వేశాను. ఆమె కూర్చుని, చీర మోకాళ్ల దాకా మడిచి, కాళ్లు చాపి దగ్గరగా పెట్టుకుంది. మా అమ్మాయి పిల్లను ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది. అత్తమ్మ చేతులు గాలిలో అట్లాగే ఆగిపోయాయి. నేను గోరువెచ్చని ఆముదం ఆమె అరచేతిలో పోశాను. ఆ చెయ్యి పిల్ల మాడు మీదికి దిగింది. ఇంక ఆగలేదు. మాడు అద్దింది, ముక్కు నొక్కింది, రెక్కలు, కాళ్లు సాగదీసింది, బోర్లా తిప్పి వీపు రుద్దింది. అన్నేళ్లు ఊరుకున్న చేతులు కావవి. పిల్ల ఏడవను కూడా లేదు.

నాకు సంతోషమే, కానీ ఒళ్లంతా మండింది కూడా. నా ఇద్దరికీ ఈ చేతులు దొరకలేదు కదా అని. ఆమెకు అది ఎట్లా తెలిసిందో, "నీ పిల్లలకు పొయ్యకపోతి," అంది నీళ్ల చప్పుడులో. "కోపం లేదా?"

"ఉండె అత్తమ్మా. శానా ఉండె."

"ఉండాలె," అంది.

పిల్ల నోట్లో నీళ్లు పడి ఉక్కిరిబిక్కిరయింది. అత్తమ్మ గబుక్కున దాన్ని లేపి గుండెకు హత్తుకుని, వీపు తడుతూ, "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూ ఒక పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. నోరు జారినట్లు ఆమెకే తెలిసి బిగుసుకుపోయింది.

మా ఆయన పెరటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. ఆయన మొహం చూస్తే తెలిసింది, ఆ పేరు ఆయన పసితనంలో విన్నదే. వచ్చి నా చేతిలోని చెంబు తీసుకున్నాడు. కాగులో ముంచి, చేత్తో తాకి చూసి, వాళ్లమ్మ చెయ్యి చాపినప్పుడు అందించాడు. చెంబిచ్చిన చెయ్యి మారిందని ఆమె పట్టేసింది. నీళ్లు పక్కన పెట్టి, తడిచేత్తో ఆ మణికట్టు, మోచెయ్యి, భుజం తడుముకుంటూ పోయింది.

"నిన్ను గూడ ఎత్తుకోకపోతి గదరా నాయినా," అంది.

తల నెరిసిన మా ఆయన ఆ తడి బండల మీద, వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు.